హాజరు పదహారు

అబ్దుల్ హమీద్ గారు హిస్టరీ పాఠం మొదలుపెడితే మా కాలేజీ గేటు బయట బజ్జీల బండి దాకా వినపడేది. పక్క గదిలో కామర్సు చెప్పుకునే నాకు అదొక తద్దినం. నేను బోర్డు మీద బ్యాలెన్స్ షీటు వేస్తుంటే గోడ అవతల నుంచి శాతవాహనులు దండెత్తి వచ్చేవాళ్ళు.

"కాస్త మెల్లగా చెప్పండి హమీద్ గారూ, మీ రాజులు నా పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు" అనేదాన్ని.

"మీ పిల్లలు ఎలాగూ నిద్రపోతున్నారు సరోజిని మేడం. మా వాళ్ళొచ్చి లేపుతున్నారు" అనేవారు.

ఆయనది మా కాలేజీ ఉన్న తిరువూరే. వాళ్ళ నాన్న బస్టాండు ఎదురుగా మిషను పెట్టుకుని డ్రైవర్లకీ కండక్టర్లకీ ఖాకీ బట్టలు కుట్టేవారు. కొలతలిచ్చి నిలబడ్డ కండక్టర్లను పట్టుకుని, మీ బస్సు వెళ్ళే ఊరికి ఆ పేరెందుకొచ్చిందని అడిగి విసిగించే పిల్లవాడు ఎం.ఏ. దాకా చదివాడు. గవర్నమెంటు ఉద్యోగాలకు పరీక్షలు రాసి రాసి, వయసు దాటిపోయాక మా ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరారు. అప్పట్లో హిస్టరీ గ్రూపుకి బెంచీలు చాలేవి కావు. తరవాత అందరూ కంప్యూటర్లున్న గ్రూపుల వెంట పడ్డారు. ఒక్కో సంవత్సరం ఒక్కో బెంచీ ఖాళీ అవుతూ వచ్చింది. సొంత పిల్లలు లేరు కాబట్టి ముద్దు చేయడానికీ, మందలించడానికీ ఆయనకు ఉన్నదల్లా ఆ క్లాసే. అది పోతే ఆ మనిషి ఏమవుతాడో అని నేనూ, ఆయన భార్య జాహెదా చాలాసార్లు అనుకున్నాం.

మా ఉద్యోగంలో పాఠం చెప్పడం సగమే. మిగతా సగం ఎండాకాలంలో ఉంటుంది. నెత్తిన టవలు వేసుకుని, బండి మీద ఊరూరూ తిరిగి, ఇంటర్ పాసైన పిల్లల్ని మా కాలేజీలో చేర్పించమని తల్లిదండ్రులను బతిమాలుకోవాలి. ఎవరి గ్రూపును వాళ్ళే బతికించుకోవాలి. హమీద్ గారు గంపలగూడెం వైపు ఒక్క ఊరు వదిలిపెట్టేవారు కాదు. నెమలి ఊళ్ళో తిరునాళ్ళ జనంలో నిలబడి కరపత్రాలు పంచడం నేను కళ్ళారా చూశాను. అలా తిరిగితేనే పెనుగొలనులో బసవపున్నయ్య గారి అమ్మాయి వినీల దొరికింది. బసవపున్నయ్య మామిడితోట, కాస్త పత్తి ఉన్న రైతు. కూతుర్ని పొద్దున బస్సెక్కి సాయంత్రం ఇంటికి రాగలిగే దూరమైతేనే చదివిస్తానన్నాడు. సోషల్ టీచరు కావాలని ఆ పిల్ల కోరిక. దానికి హిస్టరీ కావాలి, ఆ దూరంలో హిస్టరీ ఉన్నది మా కాలేజీ ఒక్కటే.

చేరినవాళ్ళు వచ్చేవాళ్ళు కారు, అదీ అసలు సంగతి. పదహారు మంది పేర్లుండేవి. క్లాసులో వినీల, ఇంకో ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. మిగతావాళ్ళు బట్టల షాపుల్లోనో, పత్తి మిల్లుల్లోనో పనికి కుదురుకుని పరీక్షలప్పుడు మాత్రం కనపడేవాళ్ళు. మేమందరం వాళ్ళకు హాజరు వేసేవాళ్ళం. వేయకపోతే గ్రూపు ఉండదు, గ్రూపు లేకపోతే మేముండం. మా కరస్పాండెంటు బాలశౌరి గారికి ఇదంతా తెలుసు. కానీ రాని పిల్లలకు హాజరు వేస్తున్నారని యూనివర్సిటీకి ఫిర్యాదులు వెళ్ళేసరికి ఆయన ఒంటికాలి మీద లేచారు.

"ఈ ఏడాది పేర్లు చూపిస్తే కుదరదు. పదిహేను మందికి తగ్గితే హిస్టరీ ఎత్తేస్తా. మాస్టారూ, మీకు ముందే చెబుతున్నా" అన్నారు హమీద్ గారితో, మా అందరి ముందూ.

ఆ తరవాత కొన్నాళ్ళకు బాలశౌరి గారు విజయవాడలో ఏదో మీటింగుకి వెళ్ళి, వర్చువల్ వరల్డ్ కొనుక్కొచ్చారు. కంప్యూటరు లోపల ఒక ఊరు. గంతల్లాంటి డబ్బా తలకు బిగించుకుంటే ఆ ఊళ్ళో మనమే నిలబడ్డట్టుంటుంది. డబ్బా లేనివాళ్ళు మామూలు కంప్యూటరు ముందు కూర్చుని, పాస్‌వర్డు కొట్టి, మీటలు నొక్కి తమ బొమ్మను నడిపించుకోవచ్చు. బొమ్మ లోపలికి రాగానే హాజరు దానంతటదే పడుతుంది, మనిషి చెయ్యి తగలదు. బాలశౌరి గారికి నచ్చింది ఆ ఒక్క ముక్కే. పైకి మాత్రం పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో ఇలాగే చెబుతున్నారని ఊదరగొట్టారు. హెడ్‌సెట్లనే ఆ డబ్బాలు వచ్చిన వారానికే బీరువాలోకి వెళ్ళి తాళం పడింది. నూనె తలలకు పెడితే పాడైపోతాయట. మా ఊళ్ళో నూనె రాయని తల ఎక్కడి నుంచి తేవాలి? ఒక్కటి మాత్రం లెక్చరర్ల కోసం బయట ఉంచారు.

దాన్ని ఎవరూ రెండోసారి ముట్టుకోలేదు. నేనైతే రెండు నిమిషాలకే తీసి పక్కన పెట్టేశాను. ముట్టుకున్నది హమీద్ గారే. ఆ కంపెనీవాళ్ళు మాకు అంటగట్టిన ఊరు ఏదో చలిదేశపు కాలేజీ కోసం చేసింది. రాళ్ళు పరిచిన బజారు, మధ్యలో గడియార స్తంభం, ఇరవైనాలుగు గంటలూ కురిసే మంచు. మంచు ఆపండయ్యా అని ఫోను చేస్తే, అది ఊరు కట్టడంలోనే కలిసిపోయింది, తీయడం కుదరదన్నారు. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఈయన ఆ మంచులో నిలబడి ఏం చెప్పారో తెలుసా?

"పిల్లలూ, ఇది ధాన్యకటకం బజారు అనుకోండి. ఈ రాలేది మంచు కాదు, పత్తి. ఏరేటప్పుడు గాలొస్తే మన చేలల్లో ఇలా ఎగరదూ? ఆ పత్తితో నేసిన బట్ట కోసమే రోము నుంచి ఓడలొచ్చాయి."

పైన పాత ఎన్.సి.సి. గది ఖాళీగా ఉంటే హెడ్‌సెట్టు పెట్టుకుని ఆయన అక్కడ నిలబడి చెప్పేవారు. పిల్లలు కింద, సైకిల్ షెడ్డు వెనకున్న కంప్యూటర్ ల్యాబులో కూర్చోవాలి. చివరి పీరియడు అది. ల్యాబులో మైకులు పనిచేయవు కాబట్టి ఆయన మాట వాళ్ళకు వినపడేది, వాళ్ళు టైపు చేసిందేమో వాళ్ళ బొమ్మ నెత్తిమీద అక్షరాలై కనపడేది. ఈయన బజారంతా సర్దుకోవడానికి అరగంట ముందే పైకెక్కేవారు. పాఠమయ్యాక కిందికి దిగేసరికి బస్సుల వేళకు పిల్లలు వెళ్ళిపోయేవాళ్ళు.

మొదటి రోజు నుంచి పదహారు మందికి పదహారు మందీ హాజరు.

నమ్మండి, ఆ నెలల్లో ఆయనకు పదేళ్ళ వయసు తగ్గింది. తలకు రంగు కూడా వేసుకున్నారు. స్టాఫ్ రూములో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఏ పిల్ల ఏం అడిగిందో, ఏ పిల్లవాడు ఏం ఎదురు చెప్పాడో పూసగుచ్చినట్టు చెప్పేవారు. మా క్లాసుల్లో కనపడని వాళ్ళు ఈయన క్లాసుకు ఎగబడుతున్నారంటే మాకు మంటగానే ఉండేది.

"ఎదురుగా నిలబెడితే నోరు తెరవరు మేడం. బొమ్మ వెనకాల దాక్కున్నారు కదా, భయం పోయింది. నేనిన్నాళ్ళూ అరిచాను గానీ వాళ్ళను అడగనిచ్చానా? మన యోసేపు లేడూ, నిన్న ఏమడిగాడో తెలుసా? ఆ రోజుల్లో ఆడవాళ్ళ కాళ్ళకు అందెలు ఎక్కడ చేసేవాళ్ళు సార్, నడిస్తే బరువనిపించేది కాదా అన్నాడు."

"యోసేపా? అందెల గురించా?" అన్నాను. కబడ్డీ తప్ప ఇంకో ఊసు లేని కుర్రాడు వాడు.

"మనం పిల్లల్ని తక్కువగా చూస్తాం మేడం" అన్నారాయన. ఆ మొహంలో సంతోషం చూసి నేనిక రెట్టించలేదు.

దసరా సెలవులయ్యాక ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. గదిలో ఉడికిపోతోందని నా పిల్లల్ని వదిలేసి వరండాలోకొచ్చాను. హమీద్ గారు మెట్లు దిగుతున్నారు, నుదుటి మీద డబ్బా ఒరిపిడికి పడ్డ ఎర్రటి గీత అలాగే ఉంది. పైన నెట్టు కూడా పోయిందట. పాఠం మధ్యలో బజారూ, పిల్లలూ మాయమై అంతా చీకటైపోయిందట.

"మిగతాది రేపు చెబుతానని పిల్లలకు చెప్పొస్తా. పాపం ఎదురు చూస్తూ ఉంటారు" అన్నారు. నేనూ గాలి కోసం ఆయన వెంట నడిచాను.

ల్యాబులోకి చెప్పులతో వెళ్ళకూడదు. దుమ్ముకి కంప్యూటర్లు పాడవుతాయని బాలశౌరి గారు పెట్టిన రూలు. క్లాసు జరుగుతుంటే గుమ్మం బయట చెప్పులు గుట్ట పడి ఉండాలి. ఆ రోజు అక్కడ ఒకే ఒక్క జత ఉంది. ఆడపిల్ల చెప్పులు, ఎడమదానికి తెగిన పట్టీ దారంతో కుట్టి ఉంది.

హమీద్ గారు ఆగిపోయారు. చుట్టూ చూశారు. నా వైపు తిరిగి, "అయ్యయ్యో, పిల్లల చెప్పులన్నీ ఎవడో ఎత్తుకుపోయాడు మేడం!" అన్నారు.

నిజంగానే అన్నారు. ఆయనకు తట్టింది అదే. నాకు అప్పటికే అర్థమైపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కుపోదామనిపించింది గానీ ఆయన తలుపు తోసేశారు.

ల్యాబుకి ఇన్వర్టరు ఉంది. కంప్యూటర్లన్నీ వెలుగుతున్నాయి. ఏ కుర్చీలోనూ మనిషి లేడు. వినీల ఒక్కతే వోణీ నడుముకి దోపుకుని, ఒట్టి కాళ్ళతో, ఆ వరస పొడుగునా పరుగెడుతోంది. ఒక కంప్యూటరు ముందు వంగి నాలుగు మీటలు కొట్టడం, పక్కదాని ముందుకు ఉరకడం, మళ్ళీ వంగడం. ఊపిరి అందక నోటితో పీలుస్తోంది. ప్రతి తెరమీదా ఒక బొమ్మ మంచులో నిలబడి ఉంది. ప్రతి బొమ్మ నెత్తిమీదా అవే అక్షరాలు. సార్, ఉన్నారా? సార్, కనపడట్లేదు. సార్, ఉన్నారా?

మమ్మల్ని చూసి ఆ పిల్ల కొయ్యబారిపోయింది.

"మిగతావాళ్ళేరమ్మా?" అన్నారు హమీద్ గారు.

"రాలేదు సార్."

"ఇవాళ రాలేదా?"

వినీల తల దించుకుంది. "మొదటి వారం కొంతమంది వచ్చారు సార్. మంచు చూడ్డానికి. తర్వాత పాస్‌వర్డులు నాకిచ్చేసి వెళ్ళిపోయారు. పదిహేను లేకపోతే గ్రూపు తీసేస్తారన్నారు కదా సార్. తీసేస్తే మా నాన్న నన్ను మానిపిస్తాడు. అందుకని నేనే..."

"మరి డౌట్లు? యోసేపు అడిగినవీ, వాళ్ళందరూ అడిగినవీ?"

"పేర్లు వాళ్ళవి సార్" అంది వినీల. "డౌట్లు నావి."

హమీద్ గారు ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎదురుగా తెరమీద యోసేపు బొమ్మ కోటు వేసుకుని నిలబడి ఉంది.  తరవాత రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఆయన ఏడవడం నాకు కొత్త. ఏం చేయాలో తెలియక ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశాను. వినీల నన్ను పట్టించుకోలేదు, "తప్పయింది సార్, తప్పయింది సార్" అంటూ ఆయన వైపే చూస్తోంది.

ఆ సాయంత్రం ఆయన యోసేపుకు ఫోను చేశారు. వాడు విజయవాడలో బట్టల షాపులో ఉన్నాడు. "బాగున్నారా సార్? అటెండెన్స్ పడుతోందిగా సార్?" అన్నాడట. అంతకు మించి అడగడానికి వాడి దగ్గర ఏమీ లేదు. ఇంకెవరికీ చేయబుద్ధి కాలేదన్నారు.

జాహెదా మాత్రం వేరేగా చూసింది. "ఒక ఆడపిల్ల మీ పాఠం కోసం అంత పరుగెత్తిందంటే ఇంకేం కావాలండీ మీకు? పదహారు మంది వింటారు, ఒక్కరికీ పట్టదు. ఈ ఒక్కపిల్ల పదహారు మంది పెట్టు" అని నా ముందే అంది. ఆయన వినిపించుకోలేదు. నాకూ జాహెదా మాటే న్యాయంగా తోచింది. కానీ ఇన్ని నెలలూ ఒక బజారు నిండా తనను వింటున్నారని నమ్మిన మనిషికి ఆ లెక్క ఎక్కదు.

మర్నాడు హమీద్ గారూ, వినీలా, నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. వచ్చే నెలలో యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తోంది. వాళ్ళు క్లాసు చూసి సరేనంటే వినీల డిగ్రీ అయ్యేదాకా గ్రూపుకి ఢోకా ఉండదు. అప్పటిదాకా ఇలాగే లాగాలి. అందరితో పాటు రాని పిల్లలకు హాజరు వేయడం పక్కన పెడితే, నాకు తెలిసి హమీద్ గారు జీవితంలో చేసిన మొదటి మోసం అది. చేతకాని మోసం.

ఆ నెలంతా ఆయన పైకెక్కి, డబ్బా తగిలించుకుని, పదహారు పేర్లూ పిలిచి పాఠం చెప్పారు. యోసేపూ, నువ్వు చెప్పు. నాహిద్, నువ్వు చెప్పమ్మా. పిలిచాక కాసేపు ఆగేవారు, ఆ పిల్ల అక్కడికి చేరుకోవాలి కదా. జవాబు రాగానే మెచ్చుకునేవారు. గొంతు మాత్రం పూర్తిగా పడిపోయింది. గోడ పక్కనే నిలబడ్డా వినపడేది కాదు. ఆయన్ను మెల్లగా చెప్పమని పోరిన నేనే, గట్టిగా చెప్పండి మహానుభావా అని మనసులో అనుకునేదాన్ని.

"నాకు అడుగులు వినపడుతున్నాయి మేడం" అన్నారొకరోజు.

"పైన గదిలో ఉండి, చెవులు మూసుకుని, కింద ల్యాబులో అడుగులు ఎలా వినపడతాయండీ?"

"వినపడుతున్నాయి" అన్నారు. "ఇవాళ ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగితే పరుగెత్తాలి కదా."

కమిటీ వచ్చింది. ఒక పెద్ద ప్రొఫెసరు, ఒక మేడం. బాలశౌరి గారు పైన హాల్లో గోడంత తెర కట్టించి, ఆ ఊరు అందరికీ కనపడేలా ఏర్పాటు చేశారు. జీడిపప్పులూ, కూల్‌డ్రింకులూ వచ్చాయి. పిల్లలు కింద ల్యాబులో ఉన్నారనీ, క్లాసయ్యాక వచ్చి కలుస్తారనీ ఆయనే హామీ ఇచ్చేశారు. వాళ్ళను ఎక్కడి నుంచి తేవాలో మేం ముందే ఆలోచించుకున్నాం. నా కామర్సు పిల్లల్ని వరండాలో నిలబెట్టాను. దేవుడా, మేమూ చదువు చెప్పేవాళ్ళమే!

హమీద్ గారు హాలు మధ్యలో హెడ్‌సెట్టు పెట్టుకుని నిలబడ్డారు. తెరమీద బజారు, మంచు, దానిలో పదహారు బొమ్మలు. ఓడల పాఠం చెప్పారు. ఆ రోజు బాగానే చెప్పారు, గొంతు కూడా కాస్త లేచింది. ప్రొఫెసరు గారు ముచ్చటపడి ముందుకు జరిగి కూర్చున్నారు. పాఠం అయిపోయింది, గండం గట్టెక్కిందనుకున్నాం.

"బాగుందండి, చాలా బాగుంది. పిల్లలకు పాఠం అర్థమైందేమో అడుగుదామా? అర్థమైనవాళ్ళందరూ ఒక్కసారి చెయ్యెత్తండి" అన్నారు ప్రొఫెసరు గారు.

ఒక చెయ్యి లేచింది. కాసేపటికి దాని పక్క చెయ్యి. తరవాత ఆ పక్కది. వరసగా, ఒకదాని తరవాత ఒకటి, మధ్య మధ్య కాస్త ఎడం. 

"నెట్టు స్లోగా ఉన్నట్టుంది" అంది కమిటీ మేడం.

"అవునండి, మా ఊళ్ళో ఇంతేనండి" అన్నారు బాలశౌరి గారు చప్పున.

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళకు అనుమానం లేదు. ఇంకొక్క నిమిషం ఓపిక పట్టి ఉంటే అయిపోయేది. చేతులు ఇంకా లేస్తూనే ఉన్నాయి, ఎడం పెరుగుతోంది. ఆ పిల్ల అలసిపోతోందని ఆ ఎడం చూస్తేనే తెలుస్తోంది నాకు. ఆయనకెలా ఉందో నేను చెప్పలేను.  చివరి వరసలో యోసేపు బొమ్మ చెయ్యెత్తింది. అప్పుడు హమీద్ గారు, జవాబు చెప్పిన పిల్లలతో రోజూ క్లాసులో అనే మాటే అనేశారు.

"చాలమ్మా వినీలా. కూర్చో."

హాలంతా విన్నది. కింద ల్యాబులోనూ వినపడింది. ఇంకా లేవాల్సిన చేతులు లేవలేదు.

"వినీల ఎవరు?" అన్నారు ప్రొఫెసరు గారు, యోసేపు అని రాసి ఉన్న బొమ్మను చూస్తూ.

హమీద్ గారు డబ్బా తీసేశారు. తానేమన్నారో అప్పుడు తెలిసింది ఆయనకు. నా వైపు చూశారు. నేనేం చేయగలను? బాలశౌరి గారు లేచి గబగబా మెట్లు దిగారు, కమిటీ ఆయన వెనకే దిగింది. ల్యాబులో వినీల వరస చివరికి వచ్చి నిలబడి ఉందట, చెయ్యి ఇంకా కీబోర్డు మీదే ఉందట.

బాలశౌరి గారు ఒక్క మాటతో తప్పుకున్నారు. ఇదంతా లెక్చరరూ, ఆ అమ్మాయీ కలిసి చేసిన నాటకం, మేనేజ్‌మెంటుకి తెలియదన్నారు. తరవాత జరగవలసినవన్నీ జరిగాయి. గ్రూపు ఎత్తేశారు. హమీద్ గారిని ఉద్యోగంలోంచి తీసేశారు. వినీల మోసం చేసిందని ఆ ఏడాది పరీక్షలు రాయనివ్వలేదు. హాజరు పడ్డ యోసేపుకీ, మిగతావాళ్ళకీ ఏమీ కాలేదు, వాళ్ళను బి.కామ్‌లో సర్దేశారు. వర్చువల్ వరల్డ్ ఫొటో మాత్రం ఇప్పటికీ కాలేజీ ఫ్లెక్సీ మీద ఉంది, మంచుతో సహా. దాన్ని చూసినప్పుడల్లా చింపేయాలనిపిస్తుంది నాకు.

బసవపున్నయ్యతో మాట్లాడాలని హమీద్ గారు పట్టుబట్టారు. ఒక్కరే వెళ్తే గుమ్మం దాటనిస్తారో లేదోనని నన్ను తోడు రమ్మన్నారు. మామిడి పూత మీద మందు కొడుతున్న రోజులు, పెనుగొలను దారంతా ఆ వాసన. బసవపున్నయ్య మమ్మల్ని చూసి కోప్పడలేదు. మంచం వాల్చి, మజ్జిగ తెప్పించాడు.

"ఇంకో కాలేజీలో చేర్పించండి. విజయవాడలో హాస్టలున్నాయి. నేను దగ్గరుండి చూసుకుంటాను. బంగారం లాంటి పిల్లండీ. ఇన్నేళ్ళలో అలాంటి విద్యార్థిని చూడలేదు నేను" అన్నారు హమీద్ గారు.

"మీరంటే గౌరవమేనండి మాస్టారూ. మీరొచ్చి అడిగితేనే గదా చేర్పించా" అన్నాడు బసవపున్నయ్య. "దొంగతనం చేసి పట్టుబడిందని ఊరంతా అంటున్నారు. ఏంటి దొంగిలించిందీ అంటే చెప్పలేకపోతున్నా. కంప్యూటర్ల ముందు పరుగులు తీసిందని చెబితే ఎవరికర్థమవుద్దండి? నాకే అర్థం కాలా. ఇక చదువు వద్దులెండి. ఇంటిపట్టున ఉంటది."

ఆయన మాటలో కసి లేదు. కసి ఉంటే పోట్లాడేదాన్ని. కూతురు చదువు మీద ఆయనకున్న కాస్త నమ్మకం మేమే పోగొట్టాం, దాన్ని తిరిగి ఏ మాటతో తెస్తాం? మేం లేచాం.

గేటు దగ్గరికి వచ్చేసరికి వినీల దొడ్డివైపు నుంచి వచ్చింది. పత్తి బస్తాలు ఎత్తించి వస్తోందేమో, జుట్టు నిండా తెల్లగా పీచు. నాకు నమస్కారం పెట్టింది. హమీద్ గారి ఎదురుగా నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సార్, ఆ రోజు నన్ను ఎందుకు కూర్చోమన్నారు?"

హమీద్ గారు నోరు తెరిచారు. "అలసిపోయావు కదమ్మా. నీ మీద జాలేసి..." అన్నారు. 

"నేను అలసిపోలేదు సార్" అంది వినీల. కళ్ళ నిండా నీళ్ళున్నాయి గానీ మాట తడబడలేదు. "ఇంకో ముగ్గురే ఉన్నారు. లేపేదాన్ని సార్."

లోపల నుంచి తండ్రి పిలిస్తే వెళ్ళిపోయింది.

తిరువూరు బస్సు ఖాళీగా వచ్చింది. కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చున్నాను. హమీద్ గారు పైనున్న కమ్మీ పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. కండక్టరు టికెట్టు కొట్టి, సీట్లున్నాయి కదండీ అని వెళ్ళిపోయాడు. ఆయన కదల్లేదు. గుంతలు వచ్చినప్పుడల్లా తూలుతున్నారు. కూర్చోండి అనబోయి, ఆ మాట నా నోట్లోనే ఆపేసుకున్నాను.